పలికే పెట్టె డైరీ: మూడు చుట్లు, ఒక కాలిన రీడరు

కార్డు ఆనిస్తే మాట పలికే పెట్టె కట్టి పిల్లలకి అక్షరాలు నేర్పుదామనుకునేవాళ్ళ కోసం ఇది. ఎడ్యుకేషనల్ టెక్నాలజీ మీద డిజైన్ ఆధారిత పరిశోధన (ఒక వస్తువు కట్టి, వాడి చూసి, మార్చి, మళ్ళీ చూసే పద్ధతి) మొదలుపెట్టి, 'పద్ధతి' అన్న అధ్యాయం దగ్గర పెన్ను ఆగిపోయినవాళ్ళ కోసం కూడా. ఆ రెండో గుంపులో నేనూ ఉన్నాను. నా ఎంఎడ్ డిసర్టేషన్ ఇదే.

స్థలం ఒడిశాలోని గజపతి జిల్లా. పర్లాకిమిడి నుంచి కాశీనగర్ వైపు వెళ్తే వచ్చే ఒక ఊళ్ళో తెలుగు వీధి. పిల్లలు పగలు ఒడియా మీడియం బడికి పోతారు, సాయంత్రం మా వదిన ఇంటి అరుగు మీద తెలుగు నేర్చుకుంటారు. 14 మంది, 6 నుంచి 9 ఏళ్ళ వాళ్ళు. పేర్లు రాయను, పి-1 నుంచి పి-14 వరకు నంబర్లే. వీడియో తీసినప్పుడు చేతులు, కార్డులు మాత్రమే. అమ్మానాన్నలకి ముందే చెప్పి ఒప్పించాను.

దశ 0: డైరీకి పెట్టుకున్న నియమాలు

ఈ పద్ధతికి మూలాలు వెతికితే అందరూ 1992కే వెళ్తారు. ఆ ఏడాది ఆన్ బ్రౌన్, ఆలన్ కాలిన్స్ అనే పరిశోధకులు విడివిడిగా 'డిజైన్ ప్రయోగాల' గురించి రాశారు. బ్రౌన్ అంతకుముందు ప్రయోగశాలలో పిల్లల జ్ఞాపకశక్తి మీద పనిచేసిన మనిషి. తరగతి గదిలోకి వచ్చాక అక్కడ ఒక్కదాన్ని కదిపితే మిగతావన్నీ కదులుతాయని చూసింది. అందుకే కట్టడం, పరిశీలించడం, మార్చడం, మళ్ళీ పరిశీలించడం అన్నీ ఒకే పనిలో భాగమైపోయాయి. 2003లో డిజైన్ బేస్డ్ రీసెర్చ్ కలెక్టివ్ అనే బృందం వ్యాసం వచ్చేసరికి డిజైన్ ఆధారిత పరిశోధన అన్న పేరు స్థిరపడింది.

చదవడానికి బాగానే ఉంటుంది. అరుగు మీద కూర్చుంటే ఏం చెయ్యాలో అందులో దొరకదు. నాకు ఉపయోగపడ్డవి నాలుగే:

1. ఏదైనా మార్చే ముందే రాయాలి: ఏం మారుస్తున్నాను, ఎందుకు, ఏం జరుగుతుందని అనుకుంటున్నాను. మార్చిన తరవాత రాస్తే అది సమర్థన అవుతుంది.
2. మార్పులు ఒక్కొక్కటే. (ఈ నియమం తప్పాను. దశ 4 చూడండి.)
3. వదిన మాట, నా మాట వేరువేరు రంగుల్లో. ఆవిడది ఎరుపు, నాది నీలం.
4. డబ్బు, గంటలు, కూర్చున్న సాయంత్రాలు ప్రతి దశ చివర కూడాలి.

దశ 1: మొదటి పెట్టె (రోజు 1–9)

సామాను, ధరలు రూపాయల్లో: ఆర్డుయినో నానో క్లోను (పెట్టెని నడిపే చిన్న కంప్యూటరు బోర్డు) 320, ఆర్‌సి522 కార్డు రీడరు 130, డీఎఫ్‌ప్లేయర్ మినీ (మెమరీ కార్డులోని శబ్దాలు ఆడించే బోర్డు) 160, 3 వాట్ల స్పీకరు 90, 8 జీబీ మెమరీ కార్డు 280, 18650 సెల్లు (చార్జి చేసుకునే బ్యాటరీ) 170, చార్జింగ్ మాడ్యూలు 35, వోల్టేజి పెంచే మాడ్యూలు 65, స్విచ్చీ వైర్లూ రెసిస్టర్లూ కలిపి 110. గుండ్రటి స్టిక్కరు ట్యాగులు 30, ఒక్కోటి 16 చొప్పున 480. అట్టలు, లామినేషన్ 140.

పని ఇలా జరుగుతుంది. ప్రతి కార్డు వెనకా ఒక ట్యాగు అంటించి ఉంటుంది. ఆనించగానే రీడరు దాని నంబరు చదువుతుంది, నానో ఆ నంబరుకి ఏ పాటో చూసి ప్లేయరుకి చెబుతుంది. అంతే. ఇంటర్నెట్టు, ఫోను, స్క్రీను ఏవీ అక్కర్లేదు. కరెంటు పోయినా పలుకుతుంది.

మొదటి పెట్టె మిఠాయిల అట్టపెట్టె, లోతు 3 సెంటీమీటర్లు. ఆ నిర్ణయం మూడు రోజుల్లోనే ఎదురుతిరిగింది.

ఇప్పటికి: రూ.1,980. గంటలు 31. పిల్లలతో సాయంత్రాలు 0.

దశ 2: పెట్టె ఎన్ని రకాలుగా చెడిపోయిందో (రోజు 10–19)

*కాలిన రీడరు.* ఆర్‌సి522కి 3.3 వోల్టులు ఇవ్వాలి. రాత్రి పదకొండింటికి 5 వోల్టుల పిన్నుకి కలిపాను. వాసన లేదు, పొగ లేదు. ఊరికే కార్డుల్ని గుర్తుపట్టడం మానేసింది. ప్రోగ్రాములో తప్పేమోనని రెండు గంటలు వెతికాను. ఇప్పుడు 3.3 వైరుకి పసుపు గొట్టం తొడిగాను, 5 వైరుకి ఎరుపు. పసుపుది రీడరుకి తప్ప ఇంకెక్కడికీ పోదు.

*మాట మధ్యలో ఆగిపోవడం.* 'అమ్మ' అని మొదలై 'అ' దగ్గరే ఆగి, పెట్టె మళ్ళీ మొదటినుంచి లేచేది. శబ్దం స్థాయి 18 వరకు బాగానే ఉంది, 24 దాటితే నానో రీసెట్ అవుతోంది. స్పీకరు ఒక్కసారిగా కరెంటు లాగినప్పుడు వోల్టేజి పడిపోతోందన్నమాట. ప్లేయరు పక్కనే 1000 మైక్రోఫారడ్ల కెపాసిటరు పెట్టాను, స్థాయి 22కి తగ్గించాను. తరవాత ఆగలేదు. ఆ చేత్తోనే ప్లేయరు ఆర్‌ఎక్స్ వైరులో (నానో ఆదేశాలు అందుకునేది) 1 కిలో ఓమ్ రెసిస్టరు వేశాను. వెనక వినిపించే జుయ్‌మన్న శబ్దం పోయింది.

*ఆవు ఆనిస్తే ఇల్లు.* అరుగు మీద అందరి ముందూ జరిగిందిది. ఆవు కార్డు ఆనిస్తే పెట్టె 'ఇల్లు' అంది. పిల్లలు దొర్లి దొర్లి నవ్వారు. వదిన లోపల్నుంచి, "ఆవు ఇల్లంటాదేటి బాబూ?" అంది. ఈ ప్లేయరుకి ఉత్త నంబరు చెబితే, ఫైళ్ళు మెమరీ కార్డులోకి ఏ వరసలో కాపీ అయ్యాయో ఆ వరసలోనే లెక్కపెడుతుంది, పేరు చూడదు. నేను మధ్యలో ఒక ఫైలు తీసి మళ్ళీ వేశాను, వరస మారిపోయింది. చెయ్యాల్సింది:

1. మెమరీ కార్డు ఎఫ్‌ఏటీ32లో ఫార్మాటు చెయ్యండి.
2. 'ఎంపీ3' అన్న ఫోల్డరు పెట్టి, ఫైళ్ళకి 0001, 0002 అంటూ నాలుగంకెల పేర్లివ్వండి.
3. ప్రోగ్రాములో ఆ ఫోల్డరునుంచి ఆడించే ఆదేశమే వాడండి, ఉత్త 'ప్లే' వద్దు.

*ట్రంకు పెట్టె.* మా ఇంట్లో బల్ల మీద పనిచేసినది అరుగు మీద పనిచెయ్యలేదు. పిల్లల పలకలు దాచే ఇనప ట్రంకు మీద పెట్టారు దాన్ని. ఇనుము దగ్గరుంటే రీడరు యాంటెన్నా గుడ్డిదైపోతుంది. పాత శుభలేఖలు ఒకదాని మీద ఒకటి పేర్చి, స్కేలుతో దూరం కొలిచాను:

చెక్కబల్ల మీద: 31 మిల్లీమీటర్ల వరకు చదివింది
ట్రంకు మీద: 5
ట్రంకు మీదే, పెట్టెకి 25 మిల్లీమీటర్ల కాళ్ళు పెట్టి, రీడరుని మూత కిందికి జరిపాక: 24

అట్టపెట్టె తీసేసి 4 మిల్లీమీటర్ల ప్లైవుడ్డుతో కొత్తది చేశాను. పర్లాకిమిడి కొమ్ముపనికి పేరు. ఆ పనిచేసే ఒకాయన దగ్గర సన్న డ్రిల్లు ఉంటే, స్పీకరు ముందు 37 కన్నాలు వేయించుకొచ్చాను. డబ్బు తీసుకోలేదు. "ఇది దేనికి?" అని మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ నేను ఇచ్చిన జవాబు ఒకేలా లేదు. ఆ సంగతి అప్పుడే పట్టించుకోవాల్సింది.

ఇప్పటికి: రూ.2,165. గంటలు 44. సాయంత్రాలు 1 (ఆవు రోజు).

దశ 3: మొదటి చుట్టు (12 సాయంత్రాలు, 3 వారాలు)

కార్డులు 56 చేశాను. ముందు వైపు పెద్ద అక్షరం, కింద బొమ్మ. 'ఆ' అంటే ఆవు, 'చ' అంటే చేప, 'వ' అంటే వేలు. గొంతు నాదే, వార్తలు చదివే పద్ధతిలో.

విలియం సాండోవల్ అనే పరిశోధకుడు 2014లో చెప్పిన 'ఊహల పటం' ఒకటి గీసుకున్నాను. పేరు గంభీరంగా ఉన్నా అందులో నేను వాడుకున్నది మూడు గడులే. మనం కట్టిన వస్తువు ఏంటి, దానివల్ల మధ్యలో ఏం జరగాలి, ఆ జరిగినదానివల్ల చివరికి ఏం రావాలి. నా పటం:

పెట్టె పలుకుతుంది → పిల్లలు అక్షరం చూస్తూ శబ్దం వింటారు → పెట్టె లేకుండా అక్షరం చదువుతారు.

మొదటి గడి పెట్టె తనే లెక్కపెడుతుంది, ఎన్నిసార్లు ఆనించారో. మూడో గడికి వారానికొక పరీక్ష: పెట్టె పక్కన పెట్టి, బొమ్మలు లేని 20 అక్షరాలు. మధ్య గడిని మనిషే కూర్చుని చూడాలి. ఒక గిన్నెలో చింతపిక్కలు పెట్టుకుని, కార్డు ఆనించే ముందు కళ్ళు అక్షరం మీద పడితే ఒక పిక్క రెండో గిన్నెలో వేశాను. వారానికొక సాయంత్రం, 20 నిమిషాలు.

1వ వారం: 112 సార్లు ఆనించారు, 9 పిక్కలు
2వ వారం: 140 సార్లు, 11 పిక్కలు
3వ వారం: 171 సార్లు, 12 పిక్కలు

పరీక్షలో 14 మందినీ వరసలో పెడితే మధ్యలో ఉన్న పిల్ల మొదట 6 చదివింది, మూడు వారాలకి 7.

నా తప్పు ఇక్కడుంది. మొదటి రెండు వారాలూ నేను ఎడమ చేతివైపు అంకె మాత్రమే చూసి మురిసిపోయాను. '112 నుంచి 140, ఆసక్తి పెరుగుతోంది' అని నీలం రంగులో రాసుకున్నాను. గైడుగారికి మెయిల్ కూడా పంపాను. ఆ పేజీలో వదిన ఎర్ర పెన్నుతో రాసింది ఒక్క వాక్యమే: "పెట్టె మాటాడ్డం బాగానే ఉంది, గుంటలు ఏటి సదువుతున్నారు?"

కొత్త వస్తువు వచ్చిందనో, ఎవరో వచ్చి చూస్తున్నారనో కనిపించే ఉత్సాహం గురించి బ్రౌన్ ఆ 1992 వ్యాసంలోనే చర్చించింది. హాథార్న్ ప్రభావం అని దానికి పాత పేరుంది. నేను చదివాను, అండర్‌లైను కూడా చేశాను. అయినా పడ్డాను.

మూడో వారం మధ్య గడి చూసుకుంటే సంగతి తెలిసింది. పిల్లలు బొమ్మ చూసి కార్డు తీస్తున్నారు, పెట్టె వైపు చూస్తూ వింటున్నారు. అక్షరం దగ్గర ఆగాల్సిన అవసరమే లేకుండా నేనే తయారుచేశాను. "మూడు వారాలకి ఒక అచ్చరం పెట్టె లేకపోయినా వచ్చేస్తాది" అంది వదిన.

ఇప్పటికి: రూ.2,821 (ఇంకో 26 ట్యాగులు 416, లామినేషన్ 180, జెరాక్సులు 60). గంటలు 71. సాయంత్రాలు 13.

దశ 4: రెండో చుట్టు (21 సాయంత్రాలు)

మార్పులు, కారణాలతో:

1. బొమ్మని కార్డు వెనక వైపుకి మార్చాను. కారణం: ముందుంటే అక్షరం ఎవరూ చూడరు.
2. ఆనించగానే పెట్టె 'టిక్' అని 4 సెకన్లు ఆగుతుంది, తరవాతే పలుకుతుంది. కారణం: ఈలోపు పిల్లలు తామే పలకాలి.
3. జంటలుగా కూర్చోవాలి. కార్డు ఒకరి చేతిలో, పలకాల్సింది రెండోవాళ్ళు. ఇది వదిన ఆలోచన.

మూడూ ఒకే సోమవారం మార్చేశాను. నియమం 2 పోయింది. గురువారం చింతపిక్కలు 74కి 61 వచ్చాయి. ఇక సంతోషించాలా? దేనివల్ల వచ్చాయో ఎలా చెప్పను? మళ్ళీ వెనక్కి వెళ్ళాను. జంటలు, ఆగడం అలాగే ఉంచి, బొమ్మ మాత్రం ముందుకు తెచ్చి మూడు సాయంత్రాలు నడిపాను. 80కి 22. దోషం బొమ్మదే అని తేలింది. ఈ మూడు సాయంత్రాలు పిల్లలకి నష్టమేనని వదిన గొణిగింది. ఆవిడ మాటలో న్యాయం ఉంది. మొదటే ఒక్కొక్కటి మార్చి ఉంటే ఆ పని పడేది కాదు.

4 సెకన్లు ఎక్కువని రెండో రోజే తెలిసింది. టిక్ అన్నాక పిల్లలు ఓపికపట్టలేక మళ్ళీ ఆనిస్తున్నారు, గడియారం మళ్ళీ సున్నానుంచి మొదలవుతోంది, పెట్టె ఎప్పటికీ పలకట్లేదు. పి-3 ఒకే కార్డుని ఆరుసార్లు ఆనించి పెట్టెని ఒక్క గుద్దు గుద్దాడు. రెండు దిద్దుబాట్లు:

1. అదే ట్యాగు నంబరు వరసగా వస్తే, పలకడం అయ్యేదాకా పట్టించుకోకూడదు.
2. ఎంతసేపు ఆగాలో పిల్లల్ని చూసి తేల్చాలి. ఫోనులో స్టాప్‌వాచితో 40 జవాబులు కొలిచాను. పలకగలిగినవాళ్ళలో ఎక్కువమంది 1.2 నుంచి 2.3 సెకన్ల మధ్య పలికారు. 2.5 సెకన్లకి పెట్టాను.

*చేప గొడవ.*

అసలు సంగతి ఇది. పరీక్షలో 'చేప' బొమ్మ చూపించి పేరు చెప్పమంటే 14 మందిలో 11 మంది 'సేప' అన్నారు. మొదటి అక్షరం కార్డు తియ్యమంటే 9 మంది 'స' తీశారు, ముగ్గురే 'చ' తీశారు. 'వేలు' దగ్గర 10 మంది 'ఏలు' అన్నారు, 8 మంది 'ఏ' తీశారు. 'వ' తీసినవాళ్ళు నలుగురు. నా షీట్‌లో ఇవన్నీ 'తప్పు' గడిలో పడ్డాయి.

వదిన షీటు చూసి, "తప్పేటి? విన్నది తీసారు" అంది.

నిజమే. చెవికి వినిపించిన శబ్దానికి సరైన అక్షరమే తీశారు. 'స' తీసిన తొమ్మిదిమందీ అక్షరం తెలిసినవాళ్ళు. వీధిలో ఎవరూ 'చేప' అనరు. సెట్టు, సీర, సింతపండు, ఈది, ఏపసెట్టు. నేనూ ఇంట్లో అలాగే అంటాను. పెట్టెలో నా గొంతు మాత్రం ఎక్కణ్ణుంచో వచ్చిన పెద్దమనిషిలా 'చేప' అంటోంది. ఆ గొంతుకీ ఈ అరుగుకీ చుట్టరికం లేదు.

దీనికోసం పక్కకి పోతాను కాసేపు. గిడుగు రామ్మూర్తి పంతులుగారు పాఠాలు చెప్పింది ఈ పర్లాకిమిడిలోనే. సవర నేర్చుకుని సవర పిల్లలకి వాచకాలు రాసింది, జనం మాట్లాడే తెలుగు పుస్తకాల్లోకి రావాలని పోట్లాడింది ఇక్కణ్ణుంచే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి ఈ ఊరు అటు పోయాక ఆయన రాజమండ్రి వెళ్ళిపోయారు. ఏటా ఆగస్టు 29న ఆయన బొమ్మకి దండ వేసే మనిషిని నేను. పెట్టెలో మాత్రం వార్తల గొంతు పెట్టాను.

మూడు దారులు కనిపించాయి. ఒకటి, 'సేప' తప్పని పిల్లల్ని దిద్దడం. వదిన ఒప్పుకోదు, నేనూ ఒప్పుకోను. రెండు, పదాలు మార్చడం. పచ్చ, మచ్చ, పిచ్చుక లాంటి మాటల్లో 'చ్చ' వీధిలో కూడా చెక్కుచెదరదు. గువ్వ, పువ్వులో 'వ్వ' కూడా అంతే. మూడు, పెట్టె రెండు మాటలూ చెప్పడం. రెండూ మూడూ కలిపాం. వదిన గొంతుతో, రజాయి కప్పుకుని, ఆవిడ ఫోనులో రికార్డు చేశాం. ఇప్పుడు చేప కార్డు ఇలా పలుకుతుంది: "సేప. పుస్తకంలో చేప." ఒక సెకను ఆగి: "చ."

రెండు వారాల తరవాత 'చేప'కి 'చ' తీసినవాళ్ళు 3 నుంచి 10 అయ్యారు. 'వేలు'కి 'వ' తీసినవాళ్ళు 4 నుంచి 9.

మురిసిపోయే లోపల కొత్త జబ్బు పట్టుకుంది. ముగ్గురు పిల్లలు 'సబ్బు'కి 'చ' తీశారు. పి-6 అయితే 'చబ్బు' అనే చదివింది. ఇంట్లో 'స' అయితే పుస్తకంలో 'చ' అని సూత్రం కట్టేసుకున్నారు. తప్పు సూత్రమే, కానీ ఆలోచించి కట్టినది. సబ్బు, సీసా, సున్నం, సూది అని నాలుగు కార్డులు చేర్చాం: "సబ్బు. పుస్తకంలోనూ సబ్బే." వారంలో ఇద్దరు సర్దుకున్నారు. పి-6 ఇంకా లేదు.

*కొలొ.* మూడో తరగతి పిల్లలు అయిదుగురు 'కల' అన్న మాటని 'కొలొ' అని చదివారు. ఒడియాలో హల్లులో దాగి ఉండే అచ్చు మన 'అ'లా కాదు, 'ఒ'కి దగ్గరగా పలుకుతుంది. బడిలో నేర్చుకున్నది ఇక్కడ వాడుతున్నారు. 'ఎ', 'ఏ' రెండూ ఒకటే అనుకోవడం కూడా అక్కడిదే, ఒడియాలో ఈ పొట్టి పొడుగు తేడా లేదు. దీనికి కొత్త కార్డులు చేస్తానన్నాను. వదిన రెండు పలకలు తీసి, ఒకదాని మీద ఒడియా క, ఇంకోదాని మీద తెలుగు క రాసి, "ఇది బడి క, ఇది మన క" అని చెప్పింది. నాలుగు సాయంత్రాల్లో 'కొలొ' పోయింది. ఖర్చు సున్నా. టెక్నాలజీ పరిశోధనలో దీన్ని ఏ అధ్యాయంలో పెట్టాలో ఇంకా తేల్చలేదు, కానీ తియ్యను.

20 అక్షరాల పరీక్షలో మధ్య పిల్ల ఇప్పుడు 12.

ఇప్పటికి: రూ.3,081 (కార్డులు మళ్ళీ ముద్రించి లామినేషన్, 260. ఆ నాలుగు 'స' కార్డులకి పాత పగిలిన కార్డుల ట్యాగులే). గంటలు 118. సాయంత్రాలు 34.

మధ్యలో: కంట్రోల్ గ్రూపు ఏదీ?

అంటే, పోల్చి చూడ్డానికి పెట్టె ఇవ్వని పిల్లల గుంపు ఏదీ అని. డిసర్టేషను సమీక్షలో ఒక ప్రొఫెసర్ అడిగిన మొదటి ప్రశ్న ఇది. రెండోది: "ఎంత శాతం మెరుగుదల?" నా దగ్గర శాతం లేదు. 7 నుంచి 12 అయింది పెట్టెవల్లో, జంటలవల్లో, వదిన గొంతువల్లో, అయిదు వారాలు గడిచినందువల్లో విడదీసి చెప్పలేను. గదిలో గొంతు ఎండిపోయింది.

ఇంటికొచ్చాక రాసుకున్న జవాబు. ప్రశ్నలో తప్పు లేదు, నేను చెప్పబోయేదానికి అది సరిపోదంతే. 'పెట్టె పనిచేస్తుంది' అని తేల్చడం నా పని కాదు. ఏ పరిస్థితిలో, ఏ గుణం ఉంటే, ఎందుకు పనిచేస్తుందో చెప్పాలి. యాన్ వాన్ డెన్ ఆకర్ అనే డచ్చి పరిశోధకుడు దీనికి వాక్యం అచ్చు ఒకటి ఇచ్చాడు. ఫలానా చోట ఫలానా ప్రయోజనానికి ఏదైనా తయారుచేస్తే, దానికి ఈ గుణాలివ్వండి, ఈ పద్ధతిలో చెయ్యండి, ఎందుకంటే ఇవీ కారణాలు. అందులో పోస్తే నాది ఇలా వచ్చింది:

'ఇంటి మాటకీ పుస్తకం మాటకీ మొదటి శబ్దం తేడా ఉన్న పిల్లలకి పలికే కార్డులు చేస్తే, ముందు ఇంటి మాట, తరవాత పుస్తకం మాట పలికించండి, తేడా లేని మాటలు కూడా కొన్ని కలపండి. ఎందుకంటే పిల్లలు తప్పు వినట్లేదు, విన్నదానికి సరైన అక్షరమే తీస్తున్నారు. తేడా ఉన్న మాటలే వింటే తప్పు సూత్రం కట్టుకుంటారు.'

రెండో సగం పి-6 పుణ్యం. ఆ పిల్ల 'చబ్బు' అనకపోతే నాకు తట్టేది కాదు.

దశ 5: మూడో చుట్టు, నేను లేకుండా

నీంకే నీవీన్ అనే ఆవిడ ఇలాంటి వస్తువుల్ని మూడు ప్రశ్నలతో చూడమంది. లోపలి ఆలోచన గట్టిదా, వాడేవాళ్ళు వాడగలరా, ఫలితం ఇస్తుందా. రెండో ప్రశ్న నేను అరుగు మీద ఉన్నంతకాలం తేలదు. కాబట్టి రెండో పెట్టె కట్టి గుణుపురం పట్టుకెళ్ళాను. నౌపడా–గుణుపురం లైన్లో పాసింజరు బండి, ఒళ్ళో పెట్టె. అక్కడ తెలుగు ట్యూషను చెప్పే ఒక అక్కకి ఇచ్చి, ఒక్క సాయంత్రం చూపించి వచ్చేశాను. ఫోను చెయ్యనన్నాను. చెయ్యలేదు, చాలా కష్టం మీద.

18 రోజుల తరవాత వెళ్తే, పెట్టె లెక్క ప్రకారం దాన్ని వాడినవి 7 రోజులే.

నేను వేసుకున్న కారణాలు: చార్జింగు (సెల్లు నిండా ఉంటే 6 గంటల 20 నిమిషాలు నిలిచింది, కాబట్టి కాదు), శబ్దం సరిపోకపోవడం (కాదు), పిల్లలకి విసుగు (కాదు). అక్క చెప్పిన కారణం: "తమ్ముడూ, కార్డులు సద్దేసరికి సగం మంది ఎల్లిపోతన్నారు."

కొలిచాను. పిల్లలు వాడి కలిపేసిన 60 కార్డుల్లోంచి ఆ రోజుకి కావల్సిన 8 వెతకడానికి 11 నిమిషాలు పట్టింది. మా వదిన దగ్గర ఈ పని నేను చేసేవాణ్ణి. అందుకే నా డైరీలో ఎక్కడా లేదు. పరిశోధకుడు చేసే పని పరిశోధకుడి కంటికి ఆనదు.

దిద్దుబాటు:

1. కార్డులు ఏడు గుత్తులు. అయిదింట్లో 8 చొప్పున, రెండింట్లో 10 చొప్పున.
2. ప్రతి కార్డుకీ మూలన కన్నం, గుత్తికొక రంగు రిబ్బను. కన్నం ట్యాగుకి దూరంగా వెయ్యండి, లోపలి తీగ చుట్ట తెగితే కార్డు చచ్చినట్టే. నేను రెండు చంపాను.
3. అట్ట అంచున అదే రంగు గీత, కలిసిపోయినా పిల్లలే ఏరుకోగలిగేలా.

వెతకడం 2 నిమిషాలకి వచ్చింది. తరవాతి 12 రోజుల్లో 11 రోజులు పెట్టె పలికింది. మొత్తం ప్రాజెక్టులో ఇంత మార్పు తెచ్చిన వస్తువు 90 రూపాయల రిబ్బను, గుడ్డ సంచులు.

ఇప్పటికి: రూ.5,987 (రెండో పెట్టె సామాను 1,360, ట్యాగులు 896, కార్డులు 320, ప్రయాణాలు 240, రిబ్బన్లూ సంచులూ 90). గంటలు 150. సాయంత్రాలు 52.

ఇంకా తేలనివి

వదిన గొంతు గుణుపురంలో పనికొస్తుందా? అక్కడి పిల్లలు 'సేప' వినగానే నవ్వారట, అక్క చెప్పింది. నవ్వు ఎందుకో అడగలేదు. తనకి ముచ్చటేసిందని మాత్రం అంది. ఆవిడ గొంతుతో మళ్ళీ రికార్డు చెయ్యాలి. ఒక్కో చోటా అక్కడి గొంతే ఉండాలన్నది ఊహల పటంలో కొత్త గడి. ముందే రాసి పెట్టాను, తారీఖు వేసి.

మొదటి పెట్టె స్విచ్చి వదులైంది. సంచిలో దానంతటదే ఆన్ అయి రాత్రంతా సెల్లు ఖాళీ చేస్తోంది. జరిపే స్విచ్చి తీసి నొక్కేది వెయ్యాలి. 25 రూపాయలు, అరగంట.

నిన్న పి-9 పలక మీద వాళ్ళ నాన్నకి సంత చీటీ రాసింది: 'సేపలు, ఉప్పు, సబ్బు'. పరీక్షలో 'చేప'కి 'చ' తీసిన పిల్లే. "పుస్తకంలో ఎలా రాస్తాం?" అని వదిన అడిగితే పక్కనే 'చేపలు' అని రాసి, సంత చీటీ మాత్రం దిద్దలేదు. "నాన్న సేపలే తెస్తాడు" అంది. నా షీట్‌లో ఒప్పు, తప్పు అని రెండు గడులే ఉన్నాయి. మూడో గడి గీసి, కొత్త షీటు 20 కాపీలు జెరాక్సుకి ఇచ్చాను. వదిన దాని పైన ఎర్ర పెన్నుతో 'రెండూ తెలుసు' అని రాసింది.